పగిలిన లొట్టిలో నీసు మొక్క

అంత దూరం కూర్చుంటే ఎట్లా? ఇటు, నా చాప మీదికి జరగండి. నా గొంతు ఇప్పుడు గడప దాటి పోవడం లేదు. పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చి ఉంటే దించి రండి, మొదలుపెట్టాక మధ్యలో లేవనివ్వను. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. పుస్తకాల్లో చూసి చెప్పేది నా దగ్గర ఏమీ లేదు. కళ్ళతో చూసింది, చేత్తో ముట్టుకున్నది, ఒకసారి కూర్చుని ఏడ్చింది, అదే చెబుతాను.

మొన్న ఆదివారం మా మనుమరాలు కీర్తన హైదరాబాదు హాస్టలు నుంచి ఖమ్మం వచ్చింది. వస్తూ వస్తూ ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. అందులో అరచేతిలో పట్టే మొక్క. ఆకుల చివర నోళ్ళు, ఆ నోళ్ళకు కనురెప్ప వెంట్రుకల్లాంటి పళ్ళు. "నానమ్మా, ఇది ఈగల్ని పట్టుకొని తింటది తెలుసా! ఆన్‌లైన్‌ల తెప్పించిన" అంది. నేను నోరు తెరుస్తానని చూసింది పాపం. నేను డబ్బాలో వేలు పెట్టి మన్ను చూసి, "ఏం నీళ్ళు పోస్తున్నవే దీనికి?" అన్నాను. ఆ పిల్లే నోరు తెరిచింది. "హాస్టల్ల ఏసీ పైపు నుంచి కారేటివి పట్టి పోస్తున్న. నల్లా నీళ్ళు పోయొద్దంట. నీకెట్ల తెలుసు?" అంది. చెప్తాలే, ముందు తిను అన్నాను. తింటూ తింటూ అది కోడికూరలోంచి చిక్కుడుగింజంత ముక్క తీసి లేచింది. "ఆదివారం గదా నానమ్మా, దానికి గూడ పండుగే" అని నవ్వుతూ డబ్బా మూత తీసింది. నా చెయ్యి దానంతట అదే పోయి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. కంచంలో చెయ్యి కడుక్కోకుండానే అక్కడే కూర్చోబెట్టి, మా సత్తయ్య మామ సంగతి చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

కొత్తగూడెం దాటి భద్రాచలం దారిలో అడవి చిక్కబడే చోట మా అమ్మమ్మ ఊరు. మా నాయన బొగ్గుబాయి పనికి పోయి, అమ్మనూ చిన్నపిల్లల్నీ క్వార్టరులో పెట్టుకుంటే, పెద్దదాన్నని నన్ను అమ్మమ్మకు చేతిసాయంగా అక్కడ ఉంచారు. ఆ ఇంట్లో మూడు వాసనలు ఎప్పుడూ ఉండేవి. అలికిన పెండ, కట్టెల పొగ, పులుస్తున్న కల్లు. అమ్మమ్మ కొడుకే సత్తయ్య మామ, గీత పని చేసేవాడు. తెల్లవారేసరికి మోకు భుజాన వేసుకుని, తాటిచెట్లెక్కి, మెడకు తాడు కట్టిన మట్టి లొట్టిల్లో కల్లు దింపుకుని వచ్చేవాడు. కల్లు వడగట్టేటప్పుడు బట్టలో మిగిలిన చచ్చిన ఈగలనూ తేనెటీగలనూ దులపడం నా పని.

అమ్మమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఆ ఇంట్లో ఊపిరి ఉన్న ప్రతిదానికీ ఒక పాలు పెట్టందే తాను ముద్ద ముట్టేది కాదు. కాకికి ఒకటి, కుక్కకు ఒకటి, పిల్లికి పాల చుక్క, రెండు మేకలకు కుడితి, చివరికి గూట్లోని పిచ్చుకలకు నాలుగు నూకలు. అన్నం ముందు పెట్టుకుని వేళ్ళ మీద లెక్క చూసుకునేది, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని. లెక్క కుదిరితేనే చెయ్యి కంచంలోకి పోయేది. ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

మామకూ ఒక అలవాటు ఉండేది. నడిచేటప్పుడు తల ఎప్పుడూ పైకే. ఏ చెట్టు గెల వేసింది, ఏ లొట్టి నిండింది, ఎక్కడ కోతి కూర్చుంది, అన్నీ ఆకాశంలోనే చూసేవాడు. అందుకని ఆయన కుడికాలి బొటనవేలికి ఎప్పుడూ పాత గుడ్డ చుట్టి ఉండేది. తగలని రాయి లేదు. "మా సత్తిగానికి కండ్లు నెత్తిన ఉన్నయి, కాలుకు లేవు" అని అమ్మమ్మ గుడ్డ మారుస్తూ తిట్టేది.

మృగశిర కార్తె మొదటి వానకు తడిసిన చెట్టు ఎక్కి మామ పడ్డాడు. లొట్టి పగిలింది, తుంటి ఎముకా విరిగింది. దవాఖానాలో కట్టు కట్టి, నెలల తరువాత కర్రల మీద నడుస్తాడు గానీ ఇక చెట్టెక్కడం అన్నది మరిచిపోవాలి అన్నారు. మంచం ఇంటికి తెచ్చి పంచలో వేశాం. ఆ రోజు మామ గోడవైపు తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు. పాతికేళ్ళ మనిషి. మా నాయన కొత్తగూడెం నుంచి చంక కర్రలు చేయించి తెచ్చి గోడకు కొట్టిన గూటానికి తగిలించి పోయాడు. మామ వాటి వైపు చూడలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు. మాట్లాడితే ఊ. వానాకాలం ఈగలు ముసిరి భుజం మీద, చెంప మీద, కంటి కొసన వాలినా చెయ్యి లేపేవాడు కాదు. అమ్మమ్మ తువ్వాలతో విసురుతూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం నన్ను పక్కకు పిలిచి, "ఈగను తోలుకోని మనిషి బతుకడే బిడ్డా" అంది. అమ్మమ్మ కళ్ళనీళ్ళు నేను చూడడం అదే మొదలు.

నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. మేకల్ని తోలుకుని ఊరి అంచున పరుపుబండ మీదికి పోయేదాన్ని. వానలు పడ్డాక ఆ బండ మీద సన్నగా నీళ్ళు జాలువారేవి. నీళ్ళు పారే చోట, గులకమన్ను మీద, ఎర్రగా ఏవో బిళ్ళలు పరిచినట్టు కనిపించేవి. ఆ రోజు వంగి చూశాను. అవి మొక్కలు. రూపాయి బిళ్ళంత. నేలకు కరుచుకున్న ఆకులు, ఆకులనిండా ఎర్రటి నూగు, ఒక్కొక్క వెంట్రుక చివర ఒక్కొక్క మెరిసే చుక్క. పొద్దెక్కినా ఆరని మంచులా ఉంది. ఒక చీమ ఆ చుక్క తాగడానికి వచ్చి అంటుకుపోయింది. చుట్టూ ఉన్న వెంట్రుకలు దాని మీదికి వంగాయి. నేను చూస్తుండగానే. ఆ వెంటనే నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇది చీమను తింటే ఈగను తినదా? మామ మంచం కోడుకు కట్టి పెడితే?

కొబ్బరిచిప్పలో ఒకదాన్ని పెకలించుకుని పరుగెత్తాను.

"మామా, ఇటు తిరుగు. ఈగల్ని తినే మొక్కను తెచ్చిన."

చిప్పను ఆయన వీపు పక్కన మంచం మీద పెట్టాను.

"నిజంగ మామా. చీమను మింగుతుంటె నా కండ్లతో చూసిన."

"చెట్టు చీమను మింగుడేందే? ఎండల తిరిగి తిరిగి నీ తల తిరిగింది." గోడకే చెప్పాడు.

"చూడకపోతే నీకెట్ల ఎరుక? గోడ చెప్తదా?"

ఆ మాటకు మెడ తిప్పాడు. చిప్పలోకి చూశాడు. ఆయన భుజం మీద వాలి ఉన్న ఈగ ఆ మొక్కలో సగం ఉంది. "ఓసి పిచ్చిదానా, ఇదా నా ఈగల్ని తినేది? ఈగ కూసుంటే దీని నడుమిరుగుతదే!" అని నవ్వాడు. నవ్వేసరికి తుంటి కలుక్కుమంది. అమ్మా అన్నాడు, మళ్ళీ నవ్వాడు. అమ్మమ్మ కొడుకు ఏడుస్తున్నాడనుకుని గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. నవ్వుతున్నాడని తెలిసి, ఆ గరిటె పట్టుకునే గుమ్మంలో కూలబడింది.

ఆ మొక్కను నేను ఎంత బాగా చూసుకున్నానంటే నాలుగు రోజుల్లో చచ్చింది. మాగిన పెండ ఎరువు వేశాను, పూటకు రెండుసార్లు బావి నీళ్ళు పోశాను. చుక్కలు ఆరిపోయి, ఆకులు నల్లబడ్డాయి. మామ చిప్పను మొహం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"చుక్క కారని తాటిచెట్టు లెక్కున్నది. ఏం పెట్టినవే దీనికి?"

"ఎరువు. బాయి నీళ్ళు."

"మన బాయి నీళ్ళల్ల పప్పు ఉడుకుతదా?"

"ఉడకదు. అమ్మమ్మ పప్పుకు వాగు నీళ్ళు తెప్పిస్తది."

"పప్పే ఉడకని నీళ్ళు పసిదానికి పోస్తివి." నన్ను ఇంట్లో యాదీ అని పిలిచేవారు. "యాదీ, అది కడుపు నిండిన కాడ పుట్టలేదే. బండ మీద పుట్టింది. కింద మన్నుల ఏం దొరకకనే పైన చీమను పట్టుడు నేర్సుకున్నది. ఇంకోటి తే. అది కూసున్న మన్నుతోనే తే. అది తాగే నీళ్ళే తే. మనది ఏది పెట్టకు."

బడి మెట్లెక్కని మనిషి. మంచంలో పడుకుని, చచ్చిన మొక్క ఒక్కదాన్ని చూసి ఆ మాట అన్నాడు. ఇప్పుడు కీర్తన ఫోనులో చదివి వినిపించింది, అందులోనూ ఇదే రాసి ఉంది. నాకు గర్వంగా అనిపించింది, ఆ ఫోనే మా మామ దగ్గర నేర్చుకున్నట్టు.

రెండోసారి తెచ్చినప్పుడు దేనిలో పెట్టాలా అని పెరట్లో వెతికాను. కంచె పక్కన మామతో పాటు పడి పగిలిన లొట్టి ఉంది. మెడ పోయింది గానీ అడుగు సగం నిక్షేపంగా ఉంది. భయపడుతూనే అందులో పెట్టి తెచ్చాను. మామ లొట్టిని గుర్తుపట్టాడు. పగిలిన అంచు మీద వేలు తిప్పాడు. "ఇద్దరం ఒక్కసారే పడ్డం. ఇది అప్పుడే పనిల జేరింది" అన్నాడు.

అప్పటినుంచి మా ఇంట్లో పొద్దు ఆ మొక్కతో పొడిచేది. తెల్లవారగానే ఇత్తడి చెంబు తీసుకుని బండ దగ్గరికి పోయి జాలు నీళ్ళు పట్టుకొచ్చేదాన్ని. ఒక వెడల్పాటి మట్టి కంచుడులో నీళ్ళు పోసి లొట్టిని అందులో నిలబెట్టేవాళ్ళం, అడుగునుంచి తాగేది. పడుకున్నవాడికి మొక్క పక్కనుంచే కనిపిస్తుంది, పైనుంచి చూస్తే గానీ చుక్కలు లెక్కకు రావు. అందుకని మామ ముందు మోచేతి మీద లేచాడు. తరువాత వీపుకు బొంత మడిచి పెట్టమన్నాడు. తరువాత కూర్చున్నాడు. పొద్దుటి ఎండ పడాలని మంచాన్ని పంచ చివరికి లాగించుకున్నాడు. గోడ దూరమైంది, వాకిలి దగ్గరైంది. ఎవరూ లేచి కూర్చో అనలేదు, ఆ రూపాయి బిళ్ళంత మొక్కే కూర్చోబెట్టింది.

ఆయన చూపు ఎట్లాంటిదో అప్పుడు తెలిసింది నాకు. రోజుకు ఇంత సన్నపు పొర చెక్కుతూ చెట్టును నొప్పించకుండా కల్లు పట్టినవాడు కదా. ఏ ఆకు ఎప్పుడు తిన్నది, తిన్న ఆకు ఎన్నాళ్ళకు తెరుచుకుంది, మబ్బు పట్టిన రోజు చుక్క ఎంత లావుంది, అన్నీ నోటికి ఉండేవి. దోమ వాలితే నన్ను కేకేసేవాడు. "తుమ్మినంత సేపట్ల వంగిందే! నా కల్లు ముంతల ఈగలు తమంతట తాము పడి సచ్చేటివి. ఇదేమో కౌగిలిచ్చుకుంటది." తెల్లటి పువ్వు ఒకటి దారమంత కాడ మీద పూసింది. పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకునేది. పక్కింటివాళ్ళు వచ్చి, "ఏందిరా సత్తయ్యా, గడ్డిని పెంచుతున్నవా?" అని ఎగతాళి చేస్తే, "గడ్డి కాదు, ఇది మా ఇంట్ల కొత్త గీతగాడు. నాకంటె మంచిగ చుక్కలు తీస్తది" అనేవాడు. అన్నం కూడా తింటున్నాడు. అమ్మమ్మ ఈగల తువ్వాల దండెం మీద ఆరేసింది.

అట్లా ఉండగా దసరా వచ్చింది. ఊరంతా యాటమాంసం ఉడికే వాసన. మా ఇంట్లోనూ వండారు. అమ్మమ్మ అందరికీ పెట్టింది. కాకికి, కుక్కకు, పిల్లికి. తాను కంచం ముందు కూర్చుని వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ఒక వేలు మిగిలింది. ఇంట్లో మాంసం తినే ప్రాణం ఒకటి పంచ చివర నోరు కట్టుకుని కూర్చుంది. అమ్మమ్మ లేచింది. కారం మంట పుడుతుందేమోనని ఒక ముక్కను ఉప్పూకారం పోయేట్టు కడిగింది. మెత్తగా నలిపింది. మామ తిని నిద్రపోతున్నాడు, నేను ఆటలో ఉన్నాను. పువ్వు పక్కన, ఆకుల నడుమ, పసిపిల్ల నోట్లో పెట్టినట్టు పెట్టింది. పెట్టి, లెక్క కుదిరిందని తృప్తిగా తిన్నది.

మరునాటికి వాసన మొదలైంది. పండుగకు వచ్చిపోయేవాళ్ళ సందడిలో మామ మొక్క మీదికి వంగనే లేదు, నేనేమో అదే పోతుందిలే అనుకుని చెప్పలేదు. మూడోనాడు పొద్దున చూస్తే ఆకులన్నీ నల్లగా జారిపోయి ఉన్నాయి, మాంసం మీద బూజు. ఆ మొక్క ఎన్నడూ పట్టలేని పెద్ద ఈగలు, ఇంట్లో ఉన్న ఈగలన్నీ, దాని మీదే ముసిరి ఉన్నాయి. నేను లొట్టిని ఎత్తుకుపోయి వడ్ల గుమ్మి వెనుక దాచాను.

"మొక్కేదే?" అన్నాడు మామ లేవగానే.

"ఎండకు పెట్టిన."

"ఎండ ఇక్కడుంటే మొక్క ఎక్కడున్నది?"

నేను గుమ్మి వైపు చూశాను. వంటింట్లోంచి అమ్మమ్మ వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది, అవి తడి లేకపోయినా. "దాన్నేమనకు. నేనే సంపిన్రా సత్తిగా. ఇంట్ల అందరం పండుగ తినుకుంట, నీసు తినే పాణం ఒక్కటి ఉపాసం కూసుంటే నా చేతికి ముద్దెట్ల వస్తది? కడిగే పెట్టిన్రా కొడుకా. కారం తగలకుంట కడిగే పెట్టిన."

మామ అమ్మమ్మను తిట్టినా బాగుండేది. మెల్లగా పడుకున్నాడు. గోడవైపు తిరిగాడు.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ ఎవరూ సరిగా తినలేదు. అమ్మమ్మ దండెం మీది తువ్వాల తీసి మళ్ళీ మంచం పక్కన కూర్చుంది. విసరాలా వద్దా అన్నట్టు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు ఒకటే భయం. ఆ మధ్యాహ్నం అమ్మమ్మ చెప్పిన మాట చెవిలోనే ఉంది, ఈగను తోలుకోని మనిషి బతకడని. కావాలంటే ఇంకో మొక్క తెస్తా మామా అన్నాను. దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

మరునాడు తెల్లవారింది. చెంబు బోర్లించి ఉంది. నీళ్ళు ఎవరికని తేవాలి? గడపలో కూర్చున్నాను. గోడవైపు నుంచి గొంతు వచ్చింది.

"చెంబు చప్పుడు రాలేదేందే?"

అంటే రోజూ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు కోసం వింటున్నాడన్నమాట. "నీళ్ళెవరికి మామా?" అన్నాను.

"లొట్టి తే."

తెచ్చాను. మామ ఇటు తిరిగి, మోచేతి మీద లేచి, కుళ్ళిన మాంసం పుల్లతో తీసి పారేశాడు. ఎండిన పువ్వు కాడను అరచేతిలో దులిపాడు. మసిలాంటి నల్లటి పొడి రాలింది. "చూసినవా? పొయ్యేటప్పుడు పిల్లల్ని పెట్టే పోయింది." వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, ఏడువకు. నువ్వు పెట్టినవు, దానికి పడలే. అంతే. నాకు పెట్టి పెట్టి నీకు ఆ లెక్క అలవాటైంది." ఆ పొడిని లొట్టి మన్ను మీద చల్లాడు. చల్లి, గూటం వైపు చూశాడు. "యాదీ, ఆ కట్టెలు ఇటియ్యి. అది ఏం తిని బతుకుతదో, ఏం తినకుంట బతుకుతదో, దాని ఇంటికి పోయి చూడాలె."

చంక కర్రలు మొదటిసారి గూటం దిగాయి.

నేను మేకలతో ఆడుతూ పోయే దారి. ఆ రోజు తిన్నాక బయలుదేరితే బండ చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ముందు నేను, వెనక మామ, ఆ వెనక పడిపోతే పట్టుకుందామని రెండు చేతులూ చాచి అమ్మమ్మ. నాలుగుచోట్ల ఆగాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది. కర్ర ఎక్కడ మోపాలా అని ఒక్కొక్క అడుగూ కింద చూసి వేశాడు. బండ మీదికి రాగానే కర్రలు పక్కన పెట్టి కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. వందలు. అంత దూరం ఎర్రగా పరుచుకుని, ఒక్కొక్కటీ వెయ్యి చుక్కలతో ఎండలో మెరుస్తున్నాయి.

మామ వంగి ఒక ఆకు చుక్కను వేలి కొసతో ముట్టాడు. తరువాత అన్నాడు. "పదేండ్ల సంది దినాం రెండుసార్లు ఈ బండ మీదికెల్లే పోయిన. పోవుడు పైకి చూస్కుంట, వచ్చుడు పైకి చూస్కుంట. వీటిని ఒక్కనాడు చూడలే." కుడికాలి బొటనవేలు తడుముకున్నాడు. గుడ్డ లేదు, నాలుగు నెలలుగా దానికి దెబ్బ తగల్లేదు. "ఇన్నిటిని తొక్కుకుంట పోయిన్నే, అవ్వా" అన్నాడు. అమ్మమ్మ, "ఇప్పుడు కూసున్నది గూడ వాటి మీదనే, లే" అంది. ముగ్గురం నవ్వాం. ఇంటికి వచ్చాక మంచం మీద తలగడను రెండో వైపుకు మార్పించుకున్నాడు. అప్పటినుంచి వాకిలి వైపు తిరిగే పడుకున్నాడు.

మళ్ళీ వానలకు లొట్టిలో ఆవగింజంత ఎర్రటి చుక్కలు మొలిచాయి, నేను లెక్కపెట్టలేనన్ని. అవి చూసి మామ అన్నాడు, కూర్చుని మొలకలు పెంచే చెయ్యి తనకుందని. పంచ ముందు మిర్చి నారు పోశాడు. పీట మీద కూర్చుని, నేల మీదికి వంగి. ఏ మొలక ఆకలితో ఉంది, ఏది ఎక్కువ తిని బలిసింది, ఆకు రంగు చూసి చెప్పేవాడు. చుట్టుపక్కల రైతులు ఆయన నారు కోసం వచ్చేవారు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. నా పెళ్ళికి కర్రల మీద నిలబడే అక్షింతలు వేశాడు. పోయేదాకా ఆ పగిలిన లొట్టి పీట పక్కనే ఉండేది. అమ్మమ్మ మాత్రం దసరా నాడు వేళ్ళ మీద లెక్క చూసుకుని, ఆ ఒక్క వేలు దగ్గర ఆగి, లొట్టి వైపు చూసి, "నీకు జాలు నీళ్ళే బిడ్డా" అని చెప్పి తినేది.

నిరుడు వానలు వెనక్కిపట్టాక మా అబ్బాయి కారులో ఆ బండ దగ్గరికి పోయాను. రోడ్డు వెడల్పు చేసి సగం బండ తీసేశారు. మిగిలిన సగం మీద ఒక మూల ఇంకా నీళ్ళు జాలువారుతున్నాయి, ఆ మూలనే అవి ఉన్నాయి. మా అబ్బాయి చేత చెప్పులు విప్పించాను. అప్పుడు మాకు తెలియనివి ఇప్పటి పిల్లలకు వేలి కొసన తెలుస్తున్నాయి, మంచిదే. కానీ మామకు చూపు తప్ప ఏమీ లేదు. ఆ చూపుతోనే మొక్కకు ఏం పెట్టకూడదో తెలుసుకున్నాడు, తనకు ఏం కావాలో తెలుసుకున్నాడు. ఇదంతా విని కీర్తన కోడిముక్క తన నోట్లో వేసుకుంది. సాయంత్రం వాన పడితే ఎవరూ చెప్పకుండానే గిన్నె తీసుకెళ్ళి చూరు కింద పెట్టింది. గిన్నెలో చినుకుల చప్పుడు వింటూ నేను కాసేపు కళ్ళు మూసుకున్నాను.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంట్లో ఊపిరి ఉన్న ప్రతిదానికీ దానికి పడే తిండే దొరకాలి. పెట్టే చేతికి ఎన్నడూ కొరత రావద్దు, పొరపాటు చేసినా ఆ చేతిని ఎవరూ తిట్టవద్దు. మీ ఇంట ఎవరైనా మంచం పడితే, వాళ్ళు గోడవైపు కాదు, వాకిలి వైపు తిరిగి పడుకోవాలి. పొద్దున్నే వాళ్ళ చెవికి ఒక చెంబు చప్పుడు వినపడాలి. చల్లగా ఉండండి. పోయేటప్పుడు కింద చూసి నడవండి.